రత్నమ్మ దిబ్బ

ఆదివారం చర్చి నుంచి వచ్చి చీర మార్చుకుంటుంటే కిటికీలోంచి పొగ వాసన వచ్చింది. ప్లాస్టిక్ కాలే కంపు కాదు, ఎండు వరిగడ్డి సన్నగా కాలే వాసన. చిన్నప్పుడు ఆ వాసన ముక్కుకు తగిలితే క్రిస్మస్ దగ్గరికొచ్చిందని సంబరపడేదాన్ని. ఇప్పుడు కుచ్చిళ్ళు చేత్తో పట్టుకుని పెరట్లోకి పరుగెత్తేసరికి అంతా అయిపోయింది. కాళ్ళు లాగుతున్నాయి, చర్చికి రాలేనని పొద్దున చెప్పిన మా అమ్మ, కొంగు నడుముకు దోపుకుని, చేతిలో పొరకతో తృప్తిగా నిలబడి ఉంది. వంగ మొక్కల మొదళ్ళలో నేను మోకాళ్ళ మీద కూర్చుని పరిచిన గడ్డంతా గోడ మూల కుప్పై పొగలు కక్కుతోంది. మొక్కల చుట్టూ ఇసక, నూనె రాసి దువ్విన తలలా, చీపురు గీతలతో నున్నగా ఉంది.

వరసగా ఇది మూడో ఏడు. నా కోరికేమీ పెద్దది కాదు. ఈ వాకాడు ఇసకలో, ఈ ఉప్పుగాలిలో, ఎండాకాలం దాటి వానల దాకా నాలుగు వంగ మొక్కలు బతకాలి. బతికితే, మా పెద్దమ్మ రత్నమ్మ సోమరిది కాదనీ, ఆమె వేసింది దిబ్బ కాదు తోట అనీ మా అమ్మకు చూపించాలి. చూపించేలోపలే అమ్మ ఊడ్చేస్తోంది.

పెద్దమ్మ అమ్మకు సొంత అక్క. ఇద్దరి ఇళ్ళూ ఒకే వీధిలో ఎదురెదురుగా ఉండేవి. మా వీధిలో అప్పుడు తెల్లవారిందని కోడి చెప్పేది కాదు, పొరకలు చెప్పేవి. చీకటి విడీ విడకముందే ఒక ఇంట్లో చర్ చర్ మని మొదలైతే, పక్కింటామె తాను అంతకంటే ముందు లేవలేదన్న ఉక్రోషంతో అందుకునేది, ఆ తర్వాత ఆ పక్కింటామె, అట్లా వీధి చివరి సరుగుడు తోపు దాకా ఊడ్పుల మోత సాగేది. ముందు వాకిలీ పెరడూ ఊడ్చి, ఇసక మీద గీతలు పడితేగానీ ఆడది కాఫీ గొంతులో పోసుకోకూడదు. అది ఎవరూ రాయని చట్టం. మా అమ్మ ఊడ్చిన వాకిట్లో మేము తొక్కుడుబిళ్ళ ఆడితే, ఆట అయ్యాక మా అడుగుల్ని కూడా ఊడ్చేసేది.

ఆ మోతలో కలవని ఇల్లు పెద్దమ్మది ఒక్కటే. ఆమె తీరిగ్గా లేచి, ఆకు వక్క నములుతూ పెరట్లో ముక్కాలిపీట వేసుకుని కూర్చునేది. వంగడమంటే ఆమెకు ఒళ్ళు మంట. పార పట్టదు, పాదు తవ్వదు, కలుపు తీయదు. వీధిలో ఊడ్చిన ఆకూ అలమా బుట్టల్లో ఎత్తుకుని తోపు దగ్గర పారబోయడానికి పోయే ఆడవాళ్ళు, అంత దూరం ఎవరు పోతారని దడి మీంచి పెద్దమ్మ పెరట్లోకే గుమ్మరించేవాళ్ళు. మొదట్లో అది ఎగతాళికే. "దిబ్బమ్మా, ఇదిగో నీ కట్నం" అని నవ్వేవాళ్ళు. పెద్దమ్మ వద్దనేది కాదు. వేపాకు, సరుగుడు ఆకు, శెనక్కాయ పొట్టు, కొబ్బరి పీచు, కోతలయ్యాక పశువులు వదిలేసిన వరిగడ్డి, ఏది పడితే అది కాలితో అటూ ఇటూ నెట్టి మోకాలి మందాన పరిచేది.

"నేలకి పైట ఉండాల పాపా" అనేది నాతో. "ఎండలో పైట లేకుండా నువ్వు నిలబడతావా? మరి అదెందుకు నిలబడాల?"

ఇక ఏడాదంతా ఆమె చేసే పని ఎంతని. కార్తీకంలో వానలు దిగగానే, గడ్డిని చేత్తో పక్కకు తప్పించి, వేలితో గుంట చేసి విత్తనం వదిలి, మళ్ళీ గడ్డి మూసేది. తుఫాను గాలికి ఎదురింట్లో మా అమ్మ పెట్టిన బెండ మొక్కలు వేర్లతో సహా లేచిపోయేవి గానీ పెద్దమ్మవి కదిలేవి కావు. క్రిస్మస్ నాటికి చిక్కుడు దడి నిండా పాకి, గడ్డి కింద దోసకాయలు దాక్కుని ఉండేవి. వాటిని వెతకడమే మాకు దాగుడుమూతలు. గడ్డిలోకి మోచేతుల దాకా చేతులు పెడితే పైన వెచ్చగా, అడుగున చల్లగా తగిలేది, ఆ చల్లదనంలో గుండ్రంగా ఏదైనా చేతికి దొరికితే అది దొరికినవాళ్ళదే. చేపలు పట్టే పట్టపు వాళ్ళ పిల్లలు గాలాలకు ఎర్రలు కావాలంటే ఊరంతా వదిలి ఆ పెరట్లోకే వచ్చేవాళ్ళు, ఎందుకంటే ఆ ఇసక ఊళ్ళో ఎర్రలు ఉండేది అక్కడే. ఎండాకాలంలో అందరి పెరళ్ళూ పెనంలా కాలుతుంటే పెద్దమ్మ మొక్కలకు వారానికోసారి రెండు బిందెల నీళ్ళు పోసి కాయించి, ఎండురొయ్యలు వేసి లేత వంకాయ కూర వండేది. దిబ్బ అన్నవాళ్ళే గిన్నె పట్టుకుని వచ్చేవాళ్ళు. అమ్మ మాత్రం నన్ను పంపేది, తాను వచ్చేది కాదు. అక్క ఇంటి ముందు నడవాలంటే తల ఎత్తుకోలేకపోతున్నానని నాయనతో అంటుంటే ఎన్నోసార్లు విన్నాను.

నేను ఐదో తరగతిలో ఉన్నప్పుడు, క్రిస్మస్ ముందు, పెద్దమ్మ కూతురి కాన్పుకని గూడూరు పోయింది. అప్పుడు అమ్మకు ఆలోచన వచ్చింది. చర్చి ఆడవాళ్ళందర్నీ కూడగట్టింది. పాపం అక్క ఒంటరిది, చేసుకోలేదు, పండక్కి వచ్చేసరికి ఇల్లు కళకళలాడాలని చెప్పింది. వాళ్ళు గోడలకు సున్నం కొట్టారు, అరిసెలకు పిండి దంచిపెట్టారు, వాకిట్లో నక్షత్రం ముగ్గు వేశారు. పెరడు మాత్రం పొద్దుటినుంచీ సాయంత్రం దాకా ఊడ్చారు. ఎన్నో ఏళ్ళ పైటను అడుగుదాకా లాగి కుప్ప పోసి అగ్గిపుల్ల గీశారు. ఆ మంట చుట్టూ మేము పాటలు పాడుతూ గంతులు వేశాం. ఊళ్ళో అంత మంచి వాసన ఎప్పుడూ రాలేదు.

పెద్దమ్మ బస్సు దిగి వచ్చి పెరటి వాకిలి దగ్గర నిలబడిపోయింది. సంచీ ఇంకా చేతిలోనే ఉంది. అమ్మ ముఖం వెలిగిపోతోంది.

"బాగుండాదా అక్కా?"

పెద్దమ్మ ఒక్కొక్కరి ముఖమే చూసింది. అందరి చేతులకూ మసి, కళ్ళలో ప్రేమ. అలాంటివాళ్ళను తిట్టడానికి నోరెలా వస్తుంది?

"బాగుండాదమ్మా" అంది. "అందరూ కూర్చోండి. కాఫీ తాగిపోదురు."

ఆ వేసవికి ముందే, ఈస్టర్‌కు ముందొచ్చే మట్టలాదివారం నాటికి, పెరట్లో ఒక్క ఆకు లేదు. ఇసక లేచి అన్నం గిన్నెల్లో పడేది. పెద్దమ్మ మొదటిసారి సంతలో వంకాయలు కొని తెచ్చి, సంచీని చెంగు కింద దాచుకుని ఇంట్లోకి పోయింది. ఆ తర్వాత మళ్ళీ బుట్టలు వచ్చాయి, మళ్ళీ మెల్లగా నేల కప్పుకుంది. కానీ పెద్దమ్మ ఊరు దాటి ఎక్కడికీ పోవడం మానేసింది. కూతురి రెండో కాన్పుకు కూడా పోలేదు. అదెందుకో అమ్మకు ఈ రోజుకూ తెలియదు. చెప్పబోయి ప్రతిసారీ మాట మారుస్తుంటాను.

పెద్దమ్మ పోయాక బయటూళ్ళో ఉండే ఆమె కొడుకు వచ్చి ఆ స్థలంలో డాబా వేసి, మిగిలిన నేలకంతా సిమెంటు పోయించాడు. ఇప్పుడు వీధిలో అందరివీ సిమెంటు నేలలే. ఊడ్చే పని లేదు, గొట్టంతో నీళ్ళు కొడితే చాలు. సరుగుడు తోపు పోయి రొయ్యల గుంటలు వచ్చాయి. ఆకు రాలుతుందని వేపచెట్లు కొట్టేశారు. వరి కోత మిషన్లు వచ్చాక గడ్డి కావాలంటే బతిమాలుకోవాలి. నిన్న నేను పరిచిన గడ్డి చిట్టమూరు అవతల ఒక రైతును నెల రోజులు పీక్కుతిని, ట్రాలీ ఆటోలో తెచ్చుకున్నది. పెద్దమ్మకు కాలు కదపకుండా దడి మీంచి వచ్చి పడిన చెత్త కోసం నేను ఊళ్ళు తిరుగుతున్నాను. శ్రమ లేని తోటకు ఇంత శ్రమ పడేది నేనొక్కదాన్నే అయుంటాను. కోపంతో ఏడుపొచ్చింది.

"ఎన్నిసార్లు చెప్పేదమ్మా నీకు? ఎందుకు ఊడ్చినావు?" అని అరిచాను.

అమ్మ బెదరలేదు. పొరకను అరచేతిలో తట్టి ఈనెలు సరిచేసుకుంది.

"మరి ఇంక యాడ ఊడ్చేది పాపా? ముందర సిమెంటేస్తిరి. పక్కన సిమెంటే. వీధిలో సిమెంటే. పొరక పెట్టేదానికి మన్ను నీ తోటలోనే గదా ఉండేది."

కుప్ప మీద బిందెడు నీళ్ళు పోసి, కాలకుండా మిగిలిన గడ్డిని చేతుల్తో ఎత్తి వంగ మొదళ్ళలో మళ్ళీ పరిచాను. సగం మొక్కలకే వచ్చింది. అమ్మ చూస్తూ "మళ్ళా దిబ్బ చేస్తాండావు" అని గొణిగింది. కాఫీ పెడతాను, లోపలికి రా అన్నాను.

మర్నాడు తెల్లవారుజామున మెలకువ వచ్చింది. వీధిలో ఏ ఇంటి నుంచీ చప్పుడు లేదు. మా పెరట్లోంచి మాత్రం చర్ చర్ మని వినిపిస్తోంది. లేచి ఆపాలి. కానీ ఊరు మొత్తానికి మిగిలిన పొరక చప్పుడు అదొక్కటే, ఆపమని ఎలా చెప్పను? నా వంగ మొక్కలు పోతున్నాయని తెలిసి కూడా పడుకునే విన్నాను.