వానకు ముందే ఒలిచిన కాయలు

కాలం గడిచిపోవడానికి ఇంగ్లీషులో ఎన్ని మాటలున్నాయో నాకు మొదట చెప్పింది మా ఊరి బడి అయివారు. టైమ్ ఫ్లైస్ అంటే ఎగిరిపోతుంది. స్లిప్స్ అవే అంటే జారిపోతుంది. రన్స్ అవుట్ అంటే అయిపోతుంది. అందిన అవకాశాన్ని పోగొట్టుకుంటే మిస్ ది బస్ అనాలట. ఆ చివరిది మాత్రం నాకు వెంటనే అర్థమైంది. నల్లమాడ దగ్గర మా ఊరి నుంచి కదిరికి పొద్దున ఒక్కటే బస్సు. అది పోతే మళ్ళీ మరుసటి రోజే.

అరవైల మొదట్లో మాట ఇది. కదిరిలో మేనత్త ఇంట్లో ఉండి ఎస్సెల్సీ పాసై, ఊరికొచ్చి కూచున్నాను. టీచరు ట్రైనింగుకు తీసుకునే ముందు కదిరిలో ఒక ఇంగ్లీషు పరీక్ష పెడతారని తెలిసింది. నాయన అయివారిని బతిమాలి నాకు సాయంత్రాలు చదువు చెప్పించాడు. తరవాత నేనూ టీచర్నై ఎన్నో ఏళ్ళు పిల్లలకు ఆ మాటలే చెప్పాను. చెప్పిన ప్రతిసారీ నా బొటనవేళ్ళలో మంట పుట్టినట్టుండేది.

ఎందుకో చెప్పాలంటే కాయలు ఒలవడం గురించి చెప్పాలి. విత్తనానికి దాచిన వేరుశనగ కాయల్ని మా వైపు వాన పడ్డాకే ఒలుస్తారు. కాయలో ఉన్నంత కాలం గింజకు ఢోకా లేదు. ఒలిచాక మాత్రం రోజురోజుకూ నీరసిస్తుంది, మొలకెత్తే శక్తి పోతుంది. అట్లాగని తీరిగ్గా ఒలవడానికీ లేదు. వాన పడ్డాక ఆ ఎర్రనేలలో విత్తడానికి కావలసిన తడి, పదును, రెండు మూడు రోజులకు మించి నిలవదు. ఆ కాస్త వ్యవధిలో ఒలవాలి, విత్తాలి. అందుకని ఇరుగు పొరుగు ఆడవాళ్ళంతా వంతులేసుకుని ఒకరింటి కాయలు ఒకరు ఒలుస్తారు.

ఆ ఏడు మా అమ్మకు ఒక భయం పట్టుకుంది. నా పరీక్ష రోజే వాన పడితే?

"పాప ఆడుంటుంది, మనమీడుంటాం. చేతులు చాలక పదును పోతే ఏం చేస్తాం? మబ్బు పట్టే ఉండాది కదా. ఇప్పుడే ఒలిచి పెట్టుకుందాం" అంది.

"ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుండాది నీ యవ్వారం. వాన పడనీవే" అన్నాడు నాయన.

"ఆలస్యం అమృతం విషం. నీకేం తెలుసు?" అని అమ్మ కాయల మూట విప్పింది. నాయన తల అడ్డంగా ఊపి ఎద్దుల దగ్గరికి పోయాడు. మా ఇంట్లో గెలుపు ఎప్పుడూ అమ్మదే.

వరసగా కూచుని ఒలిచాం. నేను ఒలుస్తూనే ఇంగ్లీషు మాటలు వల్లె వేశాను. వేళ్ళు బొబ్బలెక్కాయి. గింజలన్నీ నున్నగా, గులాబి రంగులో గంపల్లో నిండాయి. ఆ మర్నాడే గాలి లేచి మబ్బునంతా తూర్పుకు తరిమేసింది.

ఇక అక్కణ్ణుంచి మొదలైంది నా బెంగ. అసలే నేను పుట్టు పిరికిదాన్ని. పొద్దున లేస్తూనే ఆకాశం, తరవాత గంపలు, తరవాత అమ్మ మొహం చూసేదాన్ని. అయివారు సొంత వాక్యాలు రాయమంటే అన్నీ వాన మీదే రాసేదాన్ని. "ఏమ్మా, నీకు వాన తప్ప ఇంకో సంగతి తోచదా?" అని ఆయన నవ్వేవారు. ఆయనకేం, నెల జీతం వచ్చే మనిషి. నాకు ఒళ్ళు మండేది.

పరీక్షకు ఇంకా కొన్నాళ్ళుందనగా అమ్మ ఒక పిడికెడు గింజల్ని తడిగుడ్డలో కట్టి కుండల వెనక పెట్టింది. మూట విప్పిన రోజు నేను పక్కనే ఉన్నాను. ఏవో కొన్నిటికి తెల్లటి మొలక ముక్కు బయటికొచ్చింది. మిగతావి జిగురెక్కాయి, ముట్టుకుంటే పొట్టు ఊడి వచ్చింది. అమ్మ వాటిని గబగబా కోళ్ళకు విసిరేసింది.

"మీ నాయనతో అనొద్దు" అంది. నాయన దగ్గర ఆమె ఏదైనా దాచడం నేను అంతకు ముందు చూడలేదు.

నాయన అరిచే మనిషి కాదు. అరిచే మనిషైతే అమ్మకు అంత భయం ఉండేది కాదేమో. ఆ గింజలు తప్ప మాకు వేరే విత్తనం లేదు, ఆ చేను తప్ప వేరే తిండీ లేదు. నావల్లే కదా ఇదంతా అని నాకు అన్నం దిగేది కాదు.

అమ్మ భయపడినట్టే పరీక్ష రోజే వాన పడింది. కదిరిలో బడి పెంకుల మీద టపటపా మొదలయ్యేసరికి పక్క బెంచీల వాళ్ళంతా కిటికీల వైపు చూసి నవ్వుకున్నారు. నాకు మాత్రం మా ఊళ్ళో పడకపోతే ఒక భయం, పడితే ఇంకో భయం. కాగితం మీద ఏం రాశానో నాకే తెలియదు.

సాయంత్రం బస్సులో కిటికీ పక్కన కూచుని నేల చూస్తూ వచ్చాను. ఎద్దుకు ఒక కొమ్ము తడిస్తే ఇంకో కొమ్ము ఎండే వానలు మావి. కాసేపు తడి, కాసేపు పొడి, మళ్ళీ తడి. మా ఊరి దగ్గర దిగితే చెప్పులు బురదలో కూరుకుపోయాయి. ఇంట్లో నాయన విత్తనం వేసే గొర్రు సరిచేసుకుంటున్నాడు. అమ్మ పొయ్యి ముందు కూచుని ఉంది.

మరునాడు పొద్దున ముగ్గురం చేనికి పోయాం. నాయన గొర్రు తోలుతుంటే వెనక అమ్మా నేనూ గింజ వదులుతున్నాం.

"దగ్గర దగ్గరగా వదలండి, ఒత్తుగా పడల్ల" అన్నాడు నాయన. ఎప్పుడూ అంత ఒత్తుగా వేయమనే మనిషి కాదు. పొద్దెక్కేసరికి గంపలు దాదాపు ఖాళీ అయ్యాయి. సగం చేను దగ్గర ఆయన ఎద్దుల్ని ఆపి గొర్రు పైకెత్తాడు.

"ఏమయ్యా, ఇంకా సగం చేను అట్లే ఉండాదే?" అంది అమ్మ.

"దాంట్లో ఇంకో వానకు ఉలవలు చల్లుకుందాంలే. ఈ గింజలకు ఇంతే చేను. ఒత్తుగా ఏస్తే బతికేవన్నా బతుకుతాయి."

అమ్మ ఆయన వైపు తిరిగింది. "నీకెట్ల తెలుసు?"

"నేనూ గుడ్డలో కట్టి చూసినాలే. కొట్టంలో."

ఇద్దరూ ఒకే ఇంట్లో ఒకే భయాన్ని ఒకరికి తెలియకుండా ఒకరు తడిగుడ్డలో కట్టి దాచుకున్నారన్నమాట. అమ్మ కొంగులోని గింజలు గుప్పిట పట్టుకుని, "నేనే తొందరపడి..." అని మొదలుపెట్టింది.

నాయన చెప్పనివ్వలేదు. "నువ్వేం చేసినావు? వానే లేటుగా వచ్చినాది" అన్నాడు.

నాయనకు వచ్చిన ఇంగ్లీషు మాట ఆ 'లేటు' ఒక్కటే. రోడ్డు మీద బస్సు కోసం నిలబడి నిలబడి నేర్చుకున్నాడు. అయివారు నాకు నేర్పిన వాటిలో అది లేదు.

అమ్మ మొహానికి కొంగు అడ్డం పెట్టుకుని చాలాసేపు ఏడ్చింది. నాయన ఎద్దుల మెడలు నిమురుతూ ఆమె ఏడుపు అయ్యేదాకా ఆగాడు. ఆ తరవాత మిగిలిన నాలుగు గింజలూ చాలులో వదిలి, మట్టి కప్పి, ముగ్గురం ఇంటికి నడిచాం.