ఉండమని చెప్పిన మేడం

మా సైకాలజీ మేడం పోయారని వాళ్ళ పక్కింటావిడ రాజమండ్రి నుంచి ఫోన్ చేసి చెప్పారు. "పొద్దున్నే కాఫీకి పిలుద్దామని వెళ్ళానండి. కుర్చీలో కూర్చున్నట్టే ఉన్నారు" అన్నారు. నేనప్పుడు మా యూనివర్సిటీలో, డిపార్ట్‌మెంట్ వరండాలో ఉన్నాను. నాతో పనిచేసేవాళ్ళు ఎవరు పోయారని అడిగారు. "మా టీచర్" అన్నాను. "అయ్యో" అన్నారు, కాసేపు నిలబడ్డారు, మీటింగుకు టైమైందని లోపలికి వెళ్ళిపోయారు. వాళ్ళ తప్పేం లేదు. ఆవిడ నాకేమవుతారో చెప్పడానికి ఆ ఒక్క మాట చాలదు. అందుకే ఇది రాస్తున్నాను.

మాది సముద్రం ఒడ్డున చేపల వేట మీద బతికే ఊరు. తొంభైల మొదట్లో, రాజమండ్రి మార్కెట్లో చేపలమ్మే మా పిన్ని ఇంట్లో ఉండి డిగ్రీలో చేరాను. మా పేట నుంచి కాలేజీ గడప తొక్కిన మొదటి ఆడపిల్లను నేనే.

ఒకరోజు ల్యాబులో తెలివితేటల పరీక్ష పెట్టారు. బొమ్మ చూసి అందులో ఏది లేదో చెప్పాలి. నాకొచ్చిన బొమ్మలో ఒక బల్ల, దాని మీద పళ్ళెం, చాకు ఉన్నాయి. "అన్నం లేదండి" అన్నాను. క్లాసంతా గొల్లుమంది. చెప్పాల్సిన జవాబు ఫోర్కు అట. మేడం మాత్రం నవ్వలేదు.

"మీ ఇంట్లో ఫోర్కు ఉందా అమ్మా?"

"లేదండి."

"మా ఇంట్లోనూ లేదు." ఆవిడ క్లాసు వైపు తిరిగారు. "ఈ పిల్ల తప్పు చెప్పిందా, ఈ బొమ్మ తప్పు అడిగిందా? ఆలోచించుకుని రేపు రండి."

నాకు తెలిసి నా చదువు ఆ రోజే మొదలైంది.

మధ్యాహ్నాలు నేను మెట్ల మీద కూర్చుని తినేదాన్ని. చేపల పులుసు వాసనకి పక్కన ఎవరూ కూర్చునేవారు కాదు. ఆ వారంలోనే మేడం తన క్యారియర్ పట్టుకుని వచ్చి నా పక్కన కూర్చున్నారు. జాలి మాటలేవీ చెప్పలేదు. "ఏం చేపమ్మా?" అన్నారు. బొమ్మిడాయిలని చెప్పాను. గిన్నె మూత చాపారు. అందులో నాలుగు ముక్కలు వేశాను. ఆ తర్వాత మూడేళ్ళూ ఆవిడ భోజనం ఆ మెట్ల మీదే.

ఆవిడ తన గురించి చెప్పుకునే మనిషి కాదు. రావులపాలెం దగ్గర అరటితోటల్లో కూలికెళ్ళే ఇంట్లో పుట్టారు. ఎమ్మే అయ్యాక పరిశోధనలో చేరి మధ్యలో మానేశారు. ఎందుకని ఒకసారి అడిగాను.

"మానెయ్యమని నన్నెవరూ అనలేదమ్మా. ఉండమనీ ఎవరూ అనలేదు. ఒకరోజు వెళ్ళలేదు, ఎవరూ అడగలేదు. ఇంక వెళ్ళలేదు." తర్వాత నా మొహంలోకి చూసి, "నువ్వు ఉండు" అన్నారు.

డిగ్రీ అయ్యాక నన్ను ఎమ్మేకి పంపమని మా అమ్మతో మాట్లాడడానికి బస్సెక్కి మా ఊరొచ్చారు. అమ్మ వలలు బాగుచేస్తూనే అడిగింది. "ఏంటండీ ఈ చదువు? పిచ్చోళ్ళ గురించా?"

"పిచ్చోళ్ళ గురించే కాదండి. మనిషికి బెంగ ఎందుకొస్తుందో, ఎలా పోతుందో, అవన్నీ ఉంటాయి."

"దానికి చదువెందుకండీ? వేటకెళ్ళినోళ్ళు తిరిగొస్తే పోద్ది."

మేడం పకపకా నవ్వారు. అమ్మా నవ్వింది. "మీరున్నారు కదా, పంపుతానండి" అంది చివరికి.

ఎమ్మే అయ్యాక పీహెచ్‌డీకి వేరే ఊరి యూనివర్సిటీలో చేరాను. పిల్లల తెలివిని కొలిచే పరీక్షలు మా తీరం పిల్లలకు ఎంతవరకు సరిపోతాయన్నది నా విషయం. మొదటి సెమినార్‌కి ముందు రాజమండ్రి వెళ్తే, సెలవురోజున మేడం కాలేజీ గది తెరిపించి ఖాళీ బెంచీల ముందు నన్ను నిలబెట్టారు. తను ఆఖరి బెంచీలో కూర్చుని "వినపడట్లేదమ్మా" అంటూనే ఉన్నారు. నా గొంతు నాకే కొత్తగా వినిపించేదాకా వదల్లేదు.

సెమినార్ రోజు ఆవిడ వచ్చి వెనక కూర్చున్నారు. నేను చెప్పడం అవగానే పెద్ద ప్రొఫెసర్ ఒకాయన లేచారు. "ఆ ఇళ్ళల్లో చదువు వాతావరణమే ఉండదు. మార్కులు తక్కువొస్తే పరీక్షనంటే ఎలాగమ్మా? నువ్వు మీవాళ్ళ పక్షం మాట్లాడుతున్నావు" అన్నారు. మేడం వైపు చూశాను. ఆవిడ నన్నే చూస్తున్నారు కానీ పెదవి కదపలేదు. ఆ గదిలో నేనొక్కదాన్నే మిగిలాననిపించింది.

"సార్, పట్నం పిల్లల్ని చూసి తయారుచేసిన పరీక్ష మా పిల్లలకు పెట్టినప్పుడు, అది ఎవరి పక్షమని ఎవరూ అడగలేదండి" అన్నాను.

"ఆ మాట థీసిస్‌లో రాయి" అని ఆయన కూర్చున్నారు.

బయటికొచ్చాక మేడం మీద కోపం ఆపుకోలేకపోయాను. "మీరొక్క మాట అనుండొచ్చు కదండీ?"

"నేను మాట్లాడితే ఆయన నాకు జవాబు చెప్పేవారు. నువ్వక్కడ లేనట్టే అయ్యేది."

ఉద్యోగమొస్తే ఒంటరితనం పోతుందనుకున్నాను. పోలేదు. ఏ కమిటీ గదిలో కూర్చున్నా మావైపు నుంచి నేనొక్కదాన్నే. ఫోన్ చేసి అదే చెబితే, "పోదమ్మా. అది నీలో లోపం అనుకోకు, అంతే" అనేవారు. ఇంకేమీ చెప్పేవారు కాదు. నేను చెప్పేది అయ్యేదాకా ఫోన్ పెట్టేవారూ కాదు.

రాజమండ్రి వెళ్ళేసరికి మేడం వాకిట్లో నాలాంటివాళ్ళు కొందరు ఉన్నారు. ఒకాయన ఏజెన్సీ కొండల్లోని గూడెం నుంచి వచ్చారు, ఇప్పుడు స్కూల్లో కౌన్సెలర్. ఒకమ్మాయి నేతపనివాళ్ళ ఇంటి నుంచి వచ్చి ఎమ్మే చదువుతోంది. ఒకరికొకరం తెలియదు. మేడం తనకొక్కరికే ఉన్నారని ప్రతివాళ్ళమూ అనుకున్నాం. ఒకళ్ళ మొహాలొకళ్ళం చూసుకున్నాం. గోదావరి ఒడ్డున అన్నీ అయిపోయాక ఎవరి బస్సుకు వాళ్ళు వెళ్ళిపోయారు.

నేను మళ్ళీ మేడం ఇంటికి వెళ్ళాను. పెరట్లో తీగ మీద ఆవిడ నేతచీర ఒకటి ఆరేసి ఉంది. "తీద్దామంటే చెయ్యి రాలేదండి" అని పక్కింటావిడ తాళం తేవడానికి వెళ్ళారు. నేను చీర తీసి, ఒక కొస గుండెకు ఆనించుకుని మడత పెట్టబోయాను. గాలి లేచింది. పట్టుకునేవాళ్ళు లేక రెండో కొస పెరడంతా పరుచుకుని ఎగురుతూ ఉంది.