కఫులక్క చేతికి ఐదు డూపు వాచీలు

నలభై ఏడేళ్ళు వచ్చేదాకా కఫులక్కని ఎవరూ అడగని ప్రశ్న ఒకటి ఆమె అత్తగారు అడిగింది. “నీకెలాంటి వాచీ ఇష్టమే?”



కఫులక్క షర్టులు కుట్టే దుకాణంలో ఇరవై రెండేళ్ళుగా పనిచేస్తోంది. కత్తిరింపు ఒకరిది, కాలరు ఇంకొకరిది, కాజాలు మరొకరివి. మణికట్టు దగ్గరి పట్టీలు, కఫులు మాత్రం ఆమెవే. అందుకే ఆ పేరు. కొలతలు తీసే మాస్టారు చీటీ మీద “ఎడమ చేతికి వాచీ” అని రాస్తే, ఎడమ కఫు అర అంగుళం వదులుగా కుట్టాలి. లావుపాటి వాచీ అయితే ముప్పావు. ఏ బ్యాంకు మేనేజరు పళ్ళెమంత వాచీ పెట్టుకుంటాడో, ఏ లెక్చరరు వాచీని మణికట్టు లోపలివైపు తిప్పి కట్టుకుంటాడో ఆమెకు కంఠతా వచ్చు. తన మణికట్టు మాత్రం బోసిగానే ఉండిపోయింది. టైము కావాలంటే తలెత్తి గోడకేసి చూస్తే సరిపోయేది.

ఆ ఏడు అత్తగారికి కంటి ఆపరేషనైంది. రెండు గంటలకోసారి చుక్కలు వెయ్యమన్నారు. నెల రోజులపాటు కఫులక్క పని ఇంటికే తెచ్చుకుంది. మిషను ఆపి, ముందుగదిలోకి పరుగెత్తి గడియారం చూసి, మళ్ళీ వెనక్కి పరుగెత్తుకొచ్చి చుక్కలు వేసేది. నల్లకళ్ళద్దాలు తీసేసిన రోజున ముసలావిడ కళ్ళు చికిలించి కోడలి చేతినే పరీక్షగా చూసింది.

“ఇన్నాళ్ళూ ఆ పరుగులేమిటా అనుకున్నాను. నీకు వాచీ లేదటే? కొనిపెడతాను. ఎలాంటిది కావాలి?”

“ఏదైనా ఫర్వాలేదు అత్తయ్యా.”

“ఏదైనా అంటే ఏదీ వద్దనే. నచ్చంది తెచ్చి బీరువాలో పడేస్తే నేను ఊరుకోను. నిదానంగా తేల్చుకుని చెప్పు. నేనిప్పుడప్పుడే పోనులే.”

మరుసటి రోజు మిషను తొక్కుతున్నంతసేపూ కఫులక్క అదే ఆలోచించింది. ఊళ్ళో సగం మందికి ఏది నచ్చుతుందో తను చెప్పగలదు. తనకేది నచ్చుతుందంటే మాత్రం లోపల తెల్లకాగితమే కనిపించింది. ఆమెకది బాధగా అనిపించలేదు, వింతగా అనిపించింది. ఇంతకాలం ఒకే ఇంట్లో ఉన్న మనిషితో ఒక్కసారీ మాట్లాడలేదని తెలిసినట్టుగా.

బస్టాండు మెట్ల కింద మడత బల్ల మీద నల్లగుడ్డ పరిచి వాచీలమ్మే మనిషి ఉన్నాడు. ఆ సాయంత్రం ఆమె అక్కడ ఆగింది. పేరున్న కంపెనీలన్నీ ఆ బల్ల మీదే ఉన్నాయి.

“ఇవి అసలువేనా?”

అతను పకపకా నవ్వాడు. “అసలువైతే నేను ఈ మెట్ల కింద ఎందుకుంటానక్కా? అన్నీ డూపులే. అవి డూపులు, ఇవి కాస్త మంచి డూపులు.”

ఆ నిజాయితీ ఆమెకు నచ్చింది. సంగతంతా చెప్పింది. పెట్టుకుని చూస్తే గానీ తనకేది నచ్చుతుందో తెలియదని, వారానికొకటి ఇస్తే పెట్టుకుని తిరిగి తెచ్చిస్తానని అడిగింది. బదులుగా అతని సరుకు గీతలు పడకుండా, లోపల మెత్తటి గుడ్డ వేసి, ముప్పై ఆరు అరలతో చుట్టుకునే సంచీ కుట్టిపెడతానంది. అతను కాసేపు గడ్డం గోక్కున్నాడు. తర్వాత ఒక వాచీ తీసి ఆమె చేతిలో పెట్టాడు.

మొదటి వారం పెద్ద బంగారు రంగుది. దాన్ని చూడగానే అత్తగారు, “చేతికి తాళంకప్ప వేసుకున్నావేమిటే” అంది. బరువుకి చెయ్యి లాగేది. మిషను అంచుకి రోజుకి పదిసార్లు కొట్టుకునేది. కానీ మెరుపంటే తనకి పడదని ఇన్నేళ్ళుగా అనుకున్న కఫులక్క, సాయంత్రం ఎండ కిటికీలోంచి పడ్డప్పుడల్లా ఆ రంగునే చూస్తూ ఉండిపోయింది. “అత్తయ్యా, నాకు పసుపు మెరుపు ఇష్టమేనట,” అని ఎవరి గురించో కబురు తెచ్చినట్టు చెప్పింది.

రెండోదాని డయల్లో ఇంకో మూడు చిన్న డయళ్ళున్నాయి. కొత్త కళ్ళొచ్చిన అత్తగారికి ఏది చూసినా సంబరమే. వాచీని ముక్కు దాకా తెచ్చుకుని చూసింది.

“ఈ చిన్న ముళ్ళు కదలవేమిటే?”

బస్టాండులో అడిగితే, “అవి ఉత్త బొమ్మలక్కా, అచ్చేశారు,” అన్నాడతను. కఫులక్కకి చిర్రెత్తుకొచ్చింది. ఎందుకో తర్వాత ఆలోచించి చూసుకుంది. కంపెనీ పేరు అబద్ధమని మొదటినుంచీ తెలుసు, అదేమీ గుచ్చుకోలేదు. పని చేస్తున్నట్టు నటించే ముల్లు మాత్రం గుచ్చుకుంది. గుండీ దూరని ఉత్తుత్తి కాజాలు కుట్టిన చొక్కాలంటే కూడా ఆమెకి అంతే మంట.

మూడోది సన్నటిది, చుట్టూ రాళ్ళు, లోపల అంకెల్లేవు. టైము చూడాలంటే కిటికీ దగ్గరికి వెళ్ళాల్సి వచ్చేది. నాలుగు రోజులకే తిరిగిచ్చేసింది.

నాలుగోది చదరంగా, నలుపలకలది. ఆ ఆకారం చూడగానే చేతికి హాయిగా తోచింది. కఫులాగే ఉంది కదా అనుకుంది. తోలు బెల్టు మీద కుట్టు మాత్రం ఒకచోట వదులు, ఒకచోట బిగువు. తన దగ్గర పని నేర్చుకునేవాళ్ళయితే విప్పించి మళ్ళీ కుట్టించేది. శుక్రవారం అత్తగారు టైమెంతని అడిగితే మూడూ పది అంది. గోడమీద ఐదున్నర. వాచీ ఎప్పుడో బుధవారమే ఆగిపోయినట్టుంది.

“రెండు రోజులు ఆగిన వాచీతో తిరిగావా?” ముసలావిడ బుగ్గలు నొక్కుకుంది. “మరి అస్తమానం చేతికేసి చూసుకున్నావుగా?”

“చూశాను గానీ, టైము కోసం కాదేమో అత్తయ్యా.”

ఐదోది ఈతగాళ్ళ వాచీ. చుట్టూ తిరిగే చక్రం, తిప్పితే టిక్కు టిక్కుమంటుంది. నిమిషాల ముల్లు ఎక్కడుంటే అక్కడికి చక్రం మీది చుక్కని తిప్పిపెట్టుకుంటే, పని మొదలై ఎంతసేపైందో తెలుస్తుంది. లోపల బిరుసు కోసం బక్రం గుడ్డ పెట్టి, కుట్టి, తిరగేసి, ఇస్త్రీ చేసి జత కఫులు ముగించడానికి తనకు పదకొండు నిమిషాలు పడుతుందని ఇరవై రెండేళ్ళకి తెలిసింది. ఆ పూటంతా ఎవరు కనబడితే వాళ్ళకి చెప్పింది.

ఆ వారమే ఒక పళ్ళ డాక్టరు షర్టులు తీసుకోవడానికొచ్చాడు. కఫు సరిపోయిందో లేదో ఆమే చూస్తోంది. డాక్టరు ఆమె చేతికేసి చూసి, మొహం విప్పార్చుకుని తన చెయ్యి పక్కన పెట్టాడు. అదే వాచీ.

“అరె, మీదీ ఇదేనా!”

మాస్టారు తలెత్తాడు. మిగతావాళ్ళు మిషన్లు ఆపారు. కఫులక్క చెవులు వేడెక్కాయి. అయినా దాచాలనిపించలేదు.

“నాది డూపండీ. నాకెలాంటిది నచ్చుతుందో తెలుసుకుందామని పెట్టుకు చూస్తున్నాను.”

 డాక్టరు ఏమనుకున్నాడో, తన వాచీ విప్పి ఆమె చేతికిచ్చాడు. “అయితే ఇదీ చూడండి. నన్నెవరూ ఇలా చూడనివ్వలేదు. మామగారు పెట్టారు, కట్టుకున్నాను.”

ఆమె చక్రం తిప్పింది. డూపుది గింజలు గలగలలాడించినట్టు చప్పుడు చేసేది. ఇది ఒక్కో మెట్టూ దిగి ఆగినట్టుంది. సెకన్ల ముల్లు గంతులెయ్యకుండా జారిపోతోంది. రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూసింది.

“ఏది బాగుంది?” అన్నాడు డాక్టరు.

“పనితనమంతా మీదాంట్లోనే ఉందండీ. చూస్తుంటే దణ్ణం పెట్టబుద్ధవుతోంది. కానీ నా చేతికి రెండూ పెద్దవే.”

ఆయన హాయిగా నవ్వి, “నిజం చెప్పాలంటే నాకూ పెద్దదే,” అన్నాడు.

వారం తిరిగాక ఐదో వాచీతోపాటు ముప్పై ఆరు అరల సంచీని కూడా బస్టాండులో ఇచ్చేసింది. తర్వాతి ఆదివారం అత్తాకోడళ్ళు వాచీల షాపుకి వెళ్ళారు. సేల్స్‌మన్ లేడీస్ ట్రే లాగబోతుంటే కఫులక్క ఆపింది.

“ఆడవాళ్ళదా మగవాళ్ళదా అని చూడకండి. నలుపలకలుగా ఉండాలి, చిన్నది. బంగారు రంగు, కానీ మరీ ధగధగలాడకూడదు. పన్నెండు అంకెలూ ఉండాలి. ఉన్న ప్రతి ముల్లూ పని చెయ్యాలి. తోలు బెల్టు.”

అత్తగారు కోడలి మొహంలోకి తేరిపార చూసింది. ఏదైనా ఫర్వాలేదనే మనిషి ఈ మనిషేనా అని.

పదిహేను వాచీలు దిగాయి, పదిహేనూ వెనక్కెళ్ళాయి. చివరికి సేల్స్‌మన్ కింది అరలోంచి ఒకటి తీశాడు. “మీరు చెప్పినట్టే ఉంది మేడమ్, కాకపోతే దీనికి రోజూ కీ ఇవ్వాలి. అందుకే ఎవరూ తీసుకోవట్లేదు.”

కఫులక్క కీ తిప్పింది. వేళ్ళ కింద ఏదో చిన్నగా, బిగుతుగా చుట్టుకుంటోంది. బాబినుకి దారం చుట్టినట్టు. ఇలాంటిదొకటుందని తనకు తెలియనే తెలియదు. తను అడిగినవాటిలో ఇది లేనే లేదు.

“ఇదే అత్తయ్యా.”

“మళ్ళీ ఆలోచించుకో.”

“ఆలోచించడానికేం లేదు. ఇదే.”

బెల్టు కుట్టు మాత్రం నచ్చలేదు. ఇంటికెళ్ళి బెల్టు ఊడదీసి, కుట్టు విప్పేసి, మైనం పట్టించిన దారంతో తనే మళ్ళీ కుట్టుకుంది. కుట్టినంతసేపూ అత్తగారు పక్కనే కూర్చుని, వాచీని అటూ ఇటూ తిప్పి కళ్ళారా చూసింది.

నెల తిరక్కుండానే కఫులక్క రంగుల దుకాణం నుంచి చిన్న చిన్న డబ్బాలు నాలుగు తెచ్చి, ఏ రంగు నచ్చుతుందో చూద్దామని పడకగది గోడ మీద నాలుగు చదరాలు వేసింది. గోడలకి ఇన్నాళ్ళూ ఇంటాయన వేయించిన లేత నీలమే ఉండేది. ఉదయం ఒకటి బాగుంటోంది, లైటు వేస్తే ఇంకొకటి. భర్త అటువైపు వెళ్ళినప్పుడల్లా ఆగి, గోడకేసీ పెళ్ళాంకేసీ చూసి వెళ్ళిపోతున్నాడు. అత్తగారు మాత్రం ఆకుపచ్చది చెరిపెయ్యమని ఒకటే గొడవ. కఫులక్క ఇంకా తేల్చలేదు.