వంటింట్లో నీలం చెప్పులు

మంగళవారం పొద్దున్నే ఫోన్ మోగింది. మా బడి వంటక్క కూతురు. "టీచరమ్మా, మా యమ్మ పోయింది. లేపుదామని పోతే లేయలేదు" అంది. "నిన్న మధ్యాహ్నం నాకు పప్పు వడ్డించింది కదే!" అన్నాను. పప్పు వడ్డించిన మనిషి పోదని నాకెవరైనా రాసిచ్చారా? అయినా నోట్లోంచి వచ్చింది ఆ మాటే.

ఎమ్మిగనూరుకూ ఆదోనికీ నడుమ ఉన్న మా బడిలో పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండేది ఆమె. పక్క ఊరి నుంచి షేర్ ఆటోలో వచ్చేది. నేను ఆ బడి హెడ్‌మిస్ట్రెస్‌ని. శుభ్రం విషయంలో నాకు పిచ్చి అంటారు, నిజమే. వంటగది గడప బయటే చెప్పులు విడవాలన్న రూలు నాది. గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించిందీ నేనే.

ఉప్పు సరిపోయిందో లేదో ఆమె నన్ను అడిగేది కాదు. ఒకటో తరగతి గదిలోకి గంటె పట్టుకుని పోయేది. వాళ్లు బాగుందంటేనే దించేది. ఎవరైనా పిల్ల మొహమాటంగా తింటుంటే, "నా మొగం జూసి తినొద్దు, పప్పు జూసి తిను" అని నవ్వేది.

ఆ నవ్వు నాలుగేళ్ల కిందట తగ్గిపోయింది. నడుము నొప్పి. పొద్దున నుంచి బండల మీద ఒట్టి కాళ్లతో నిలబడి వండేది. అన్నం గుండిగ దించాలంటే ముందు గోడకు ఆనుకుని ఊపిరి పీల్చుకునేది. ఉప్పు కాపడాలు, సూదులు, నూనెలు, అన్నీ అయ్యాయి. బడి కమిటీ పెద్దాయన ఒకరోజు అందరి ముందే అనేశాడు: "ఇంగ ఆమెను కూరగాయలు తరగను కుచ్చోబెట్టి, గుండిగ కాడికి వేరే మనిషిని సూద్దాం."

ఆ సాయంత్రం ఆమె నా గదికి వచ్చింది. "కుచ్చోని తరిగేదాన్ని ఎవురూ వంటమనిషి అనరు టీచరమ్మా. నిలబడి వండాల. నిలబడలేని దినం నేనే పోతా. నన్ను ఎవురూ పంపొద్దు." అంతకుముందు ఆమె ఏడవగా నేను చూడలేదు.

ఆదోనిలో ఒక ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన నడుమంతా చూసి, చివరికి కాళ్లు తడిపి పాత పేపరు మీద నిలబడమన్నాడు. మధ్యలో ఒంపు లేకుండా పాదం మొత్తం అచ్చు పడింది. "అరికాళ్లు చదును. పాదం లోపలికి వాలుతోంది, ఆ భారం నడుము మీద పడుతూ ఉండొచ్చు. అందరికీ పనిచేస్తుందని చెప్పను, ప్రయత్నిద్దాం" అని, కొలత తీసి, చెప్పుల్లో పెట్టుకునే మెత్తలు చేయించాడు. నడుముకు కొంచెం కసరత్తు కూడా నేర్పాడు.

మూడు నెలలైనా నొప్పి అంగుళం కదల్లేదు. నాకు ఒళ్లు మండింది. డాక్టరుతో తేల్చుకుందామని మళ్లీ ఆదోని పోయాం. ఆయన నిదానంగా అడిగాడు, "చెప్పులు ఎక్కడెక్కడ విడుస్తావమ్మా?"

"యాడ ఇడవాల్నో ఆడ ఇడుస్తా సార్. బడి వంటింటి కాడ, మా ఇంటి కాడ, చర్చి కాడ."

"మరి వేసుకునేది?"

"ఆటోలో" అంది, ఎంతో గొప్పగా.

డాక్టరు పెన్ను కింద పెట్టేశాడు. ఆమె నా వైపు చూసింది. నేను నా కాళ్ల వైపు చూసుకున్నాను. కూర్చున్నంతసేపూ మెత్తలు, నిలబడినంతసేపూ బండలు! ఆ రూలు నాది కదా. సిగ్గుతో చచ్చిపోయాను.

తిరిగొచ్చేటప్పుడే వెనక పట్టీ ఉన్న నీలం చెప్పులు కొన్నాం. వాటి కోసం మెత్తలు ఇంకో జత చేయించాం. ఆ చెప్పులు వంటగది దాటి బయటికి పోవు. గోడ మీది రూలుకు నేనే సున్నం కొట్టాను.

పెద్దాయన ఊరుకుంటాడా? మర్నాడే పదిమందిని వెంటేసుకుని వచ్చాడు. "అన్నం కాడ సెప్పులా? ఇదేం సదువమ్మా మీది!"

నేను నోరు తెరిచేలోపే వంటక్క ఆ చెప్పులు విప్పి, అందరి ముందూ సబ్బుతో కడిగి, బండ మీద పెట్టింది. "సూడన్నా. ఇవి మట్టి మొగం జూసినవి గాదు. నీ కాళ్లు ఇట్లుండాయా?" ఆయన వంగి తన కాళ్లు చూసుకున్నాడు. నల్లరేగడి పగుళ్ల దాకా ఎక్కి ఉంది. పదిమందీ పకపకా నవ్వారు. ఆయన ఏదో గొణుక్కుంటూ వెళ్లిపోయాడు.

నొప్పి ఒక్క వారంలో పోలేదు. రెండు నెలలకు గోడకు ఆనుకోవడం మానింది. ఆరు నెలలకు గుండిగ ఒక్క ఊపులో దించింది. చర్చిలో మాత్రం ఒట్టి కాళ్లతోనే నిలబడేది. "దేవుని కాడ గంటసేపు ఓర్చుకుంటా. పొయ్యి కాడ ఆరు గంటలు నా వల్ల గాదు" అనేది. మండలం ఆటల పోటీలు మా బడిలో జరిగిననాడు అన్ని బళ్ల పిల్లలకూ వండి, సాయంత్రం గంటె భుజాన వేసుకుని నా ముందు నిలబడింది. "టీచరమ్మా, ఇంగా ఎవురికన్నా వండాల్నా?" అబ్బ, ఆ మొహం చూడాలి!

మంగళవారం వాళ్ల ఊరు పోతూ, వంటగది అలమరలోంచి ఆ నీలం చెప్పులు పేపరులో చుట్టి తీసుకెళ్లాను. కూతురికి ఇద్దామనే అనుకున్నాను. అప్పటికే ఆమెను పెట్టెలో పడుకోబెట్టారు. కూతురు పొట్లం విప్పి చూసి, మళ్లీ నా చేతిలోనే పెట్టింది. "ఇడవమన్నది మీరే. మీరే తొడగండి టీచరమ్మా."

ఏడుస్తూనే తొడిగాను. కన్నీళ్లకు పట్టీ కనబడడం లేదు. వెనక నుంచి ఎవరో వంగారు. కమిటీ పెద్దాయన.

"ఉండండి టీచరమ్మా, నేనేస్తా. పట్టీ ఎయ్యకుంటే జారిపోతాయి" అని రెండు పట్టీలూ తన చేత్తోనే బిగించాడు. పాస్టరుగారు ప్రార్థన మొదలుపెట్టారు. మూత మూసే ముందు నాకు చివరిగా కనబడ్డవి ఆ నీలం చెప్పులే, పక్కపక్కన, నిటారుగా, ఆమె ఇంకా పొయ్యి ముందు నిలబడే ఉన్నట్టు.