మావయ్య జీపు వెనకున్న హుక్కు

రేపు టెక్కలి బడిలో నా మొదటి ఉద్యోగం. బస్సు దిగాక మూడు కిలోమీటర్లు వెళ్లాలి కాబట్టి సైకిల్ తప్పదు. మావయ్య సెకండ్‌హ్యాండ్ జీపుకి వెనక ట్రాలీ తగిలించే హుక్కు ఉంది. నా సైకిల్‌ని జీపు వెనక టెక్కలి చేర్చాలని, ఆ హుక్కుకి బిగించే సైకిల్ స్టాండ్ కోసం ఈ రోజు పలాసలో ఒక వెల్డింగ్ షాపుకి వెళ్లాం.

"ఏ బండికైనా సరిపోద్దమ్మా" అన్నాడు షాపతను, జీపు వైపు చూడకుండానే. నాకు అక్కడే అనుమానం వచ్చింది. టేపు పట్టుకుని జీపు కిందికి దూరాను. కొలత సరిగ్గానే ఉంది. కానీ చెయ్యి వేస్తే హుక్కు ఊగింది. దాన్ని బిగించింది ఇనప చట్రానికి కాదు, రేకు బంపరుకి.

"మావా, దీనికి సైకిల్ కాదు గదా, కూరల సంచీ కూడా తగిలించలేం. సోకు కోసం పెట్టింది."

"ఏటే, ట్రాక్టర్ని లాగిన బండని సెప్పి అమ్మీసినాడు నాకు."

"లాగడం నువ్వు సూసేవా?"

కొన్న రెండేళ్లకి మొదటిసారి, మావయ్య లుంగీ ఎగగట్టి తన జీపు కిందికి తనే దూరాడు. చాలాసేపు బయటికి రాలేదు.

స్టాండ్ కొనలేదు, రేపు నా సైకిల్ బస్సు టాపు మీద వస్తుంది. మీరు మీ బండి కింద ఎప్పుడైనా చూశారా, లేక అమ్మినాయన మాటే నమ్మారా?