మాడిసన్‌లో ఆడిన అబద్ధం

జాహ్నవికి కాలు ఒకచోట నిలవదని వాళ్లమ్మ ఉష అనేది. న్యూజెర్సీలోని ఐసెలిన్‌లో, ఓక్ ట్రీ రోడ్డు మీద ఒక చీరల షాపులో ఉష పనిచేసేది. స్కూలు అయ్యాక జాహ్నవి ఆ షాపులో కూర్చుని హోంవర్క్ చేసుకోవాలి. కూర్చుంటే కదా! ఈ చివర నుంచి ఆ చివరికి తిరుగుతూ, చీరలు బేరం చేసేవాళ్ల పిల్లల్ని ఆడిస్తూ ఉండేది. పెద్దయ్యాక డెంటల్ హైజీనిస్ట్ అయింది. పళ్ల డాక్టరు కంటే ముందు వచ్చి పళ్లు శుభ్రం చేసి వెళ్లే మనిషి. ఒక కుర్చీ దగ్గర నుంచి ఇంకో కుర్చీకి, రోజంతా నడకే. ఆ పని ఆమెకు సరిపోయింది.

ఫణిని చేసుకున్నాక ఆ తిరుగుడు ఆమె చేతిలో లేకుండా పోయింది. ఫణిది ఖమ్మం. ఎమ్మెస్ చదవడానికి వచ్చి, ఉద్యోగం ఎటు లాగితే అటు వెళ్లాడు. మొదట డాలస్, తర్వాత కాలిఫోర్నియా, శాంటా క్లారాలో ఆఫీసు, ఫ్రీమాంట్‌లో ఇల్లు. రాష్ట్రం మారినప్పుడల్లా జాహ్నవి తన లైసెన్సు మళ్లీ తెచ్చుకోవాలి. కాలిఫోర్నియా లైసెన్సు చేతికి వచ్చేసరికి ఆమెకు నెలలు నిండుతున్నాయి.

కూతురు వేద పుట్టాక జాహ్నవి పాలు తాగడం మానేసింది. ఎవరో చెబితే కాదు. రొమ్ములో పాలు గడ్డకట్టి జ్వరం తగిలి, ఒక మధ్యాహ్నం పాలు తీసే పంపు పెట్టుకుని కూర్చున్నప్పుడు, ఆ యంత్రం చప్పుడు వింటూ ఉంటే ఆమెకు ఆవులు గుర్తొచ్చాయి. ఆ రోజు కాఫీ కలుపుకుని కూడా తాగలేకపోయింది. తర్వాత పెరుగు పోయింది, నెయ్యి పోయింది, గుడ్లూ మాంసమూ పోయాయి. వేదకీ అదే తిండి అని తనే నిర్ణయించేసింది. పిల్లల డాక్టరు రాసిచ్చిన విటమిన్ చుక్కలు వేస్తూ, కొలిచినట్టు చూసుకునేది. ఫణి ఏమీ అనలేదు. అనకపోవడాన్ని ఆమె ఒప్పుకోవడం అనుకుంది.

వేదకి రెండేళ్లు దాటాక ఫణి ఉద్యోగం పోయింది. వెతగ్గా వెతగ్గా విస్కాన్సిన్‌లోని మాడిసన్ నుంచి, ఆసుపత్రులకు సాఫ్ట్‌వేర్ చేసే ఒక కంపెనీ పిలిచింది. ఇంట్లోవాళ్లనీ తీసుకొచ్చి ఊరు చూసుకోండి అన్నారు. అలా ఒక వేసవిలో ముగ్గురూ విమానం దిగారు. ఒక పెట్టెలో బట్టలు, ఇంకో పెట్టెలో చిన్న రైస్ కుక్కర్, కందిపప్పు, పొడులు, సోయా పాల డబ్బాలు.

ఫణి పగలంతా ఇంటర్వ్యూల్లో ఉండేవాడు. ఊరు చూసి, ఇక్కడ ఉండగలమా లేదా అని చెప్పాల్సింది జాహ్నవి. ఆమె స్ట్రోలర్ తోసుకుంటూ బయల్దేరింది. చక్కటి ఊరు. ఎటు చూసినా సరస్సే, సైకిళ్లే. కానీ ఆమె ఎక్కడా నిలబడి చూడలేకపోయింది. ఒక వీధిలోకి వెళ్తే పక్క వీధి బాగుంటుందేమో అనిపించేది. పార్కులో బెంచీ మీద కూర్చుంటే రెండు నిమిషాలకే లేవాలనిపించేది. ఏ హోటల్‌కి వెళ్లినా సూప్‌లో క్రీము, బ్రెడ్ మీద వెన్న, ఆకుకూరల మీద తురిమిన చీజ్. వడ్డించే అమ్మాయి నవ్వుతూ, వెన్న కొంచెమే వేశాం అంది. ఇండియన్ రెస్టారెంట్‌లో పప్పు అడిగితే, తాలింపు నెయ్యితోనే అన్నారు.

వేద కొత్తచోట తిండి మానేసింది. హోటల్ గదిలో వండిన పప్పన్నం నోట్లో పెడితే నాలుకతో బయటికి తోసేసింది. అరటిపండు నేలకేసి కొట్టింది. శుక్రవారమంతా రెండు బిస్కెట్లు, కాసిని ద్రాక్షపళ్లు. పిల్ల బుగ్గలు లాగేసినట్టు కనబడ్డాయి. ఉష ఫోన్ చేసి, ఇంత పెరుగన్నం పెట్టి పడుకోబెట్టరాదూ అంది. జాహ్నవి ఫోన్ పెట్టేసింది.

శనివారం కూడా ఫణిని కంపెనీవాళ్లు టీమ్‌తో భోజనానికి పిలిచారు. జాహ్నవి వేదని తీసుకుని, శాసనసభ ఉండే రాష్ట్ర కాపిటల్ భవనం చుట్టూ జరిగే రైతుల సంతకి వెళ్లింది. అక్కడ జనమంతా ఒకే దిక్కుగా తిరుగుతారు. ఒకసారి ఆ వరసలో పడితే వెనక్కి తిరగడం కష్టం. పూలు, తేనె, ఆకుకూరలు, ప్రతి నాలుగో బల్ల మీదా చీజ్. జాహ్నవి టమాటాలు ఏరుతోంది. పక్క బల్ల వెనక ఉన్న తెల్లావిడ, వయసులో పెద్దది, పిల్లల్ని చూసి మురిసిపోయే రకం, ఒక తెల్లటి చీజ్ ముక్కని వేద చేతిలో పెట్టింది.

జాహ్నవి తిరిగి చూసేసరికి వేద నములుతోంది. తాజా చీజ్ కదా, పళ్ల కింద కీచుమంటుంటే కిలకిలా నవ్వుతోంది. "మోర్" అని చెయ్యి చాచింది. రెండు రోజుల్లో ఆ పిల్ల కావాలని అడిగిన మొదటి తిండి అదే.

జాహ్నవి ఆలోచించలేదు. పిల్ల నోట్లో వేలు పెట్టి, "ఉమ్మెయ్, ఉమ్మెయ్ తల్లీ" అంటూ ముక్క లాగేసింది. వేద గుక్కపట్టి ఏడ్చింది. చుట్టుపక్కలవాళ్లు ఆగి చూశారు. బల్ల వెనకావిడ మొహం పాలిపోయి, పాపకి ఎలర్జీ ఉందా అని అడిగింది. జాహ్నవి ఔనంది.

ఎందుకంది? ఆ క్షణంలో అదే తేలికైన మాట. కానీ ఆ మాట విన్న మనిషి ఇంకొకరు ఉన్నారు. గుంపులోంచి ఒకామె దూసుకొచ్చింది. ఆమె వెనకాల ఐదారేళ్ల పాప. ఆమె బ్యాగు తెరిచి, ఎలర్జీ ముదిరితే తొడలోకి గుచ్చే ఇంజెక్షన్ పెన్ను బయటికి తీసి, తెలుగులోనే అడిగింది.

"పాలకా? ఇంతకుముందు రియాక్షన్ వచ్చిందా? పెదాలు వాచినయా? చెప్పండి తొందరగా, ఇది పిల్లలదే, వెయ్యొచ్చు."

అటు బల్ల వెనకావిడ అంబులెన్స్‌కి ఫోన్ కలుపుతోంది. ఏడుపుతో వేద మొహం కందిపోయి ఉంది. చూసేవాళ్లకి అది రియాక్షన్ లాగే ఉంది. ఆమె పెన్ను మూత తీయబోతుంటే జాహ్నవి ఆమె చెయ్యి పట్టుకుంది.

"వద్దు. ఎలర్జీ లేదు. వీ ఆర్ వీగన్, పాలూ గుడ్లూ ముట్టం. నేను... ఊరికే అలా అన్నాను."

ఆమె చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. పెన్నుని మళ్లీ బ్యాగులో పెట్టేసింది. తర్వాత పెద్దావిడతో, భయం లేదు, ఫోన్ పెట్టెయ్యండి అని ఇంగ్లీషులో చెప్పింది. జాహ్నవితో గొంతు తగ్గించి అంది.

"మీలాంటోళ్లు ఇట్ల అంటరు కాబట్టే, నేను నిజం చెప్పినా నా బిడ్డ విషయంలో ఎవ్వరు నమ్మరు."

పాప చెయ్యి పట్టుకుని వెళ్లిపోయింది.

జాహ్నవి పెద్దావిడకి క్షమాపణ చెప్పింది. ఆవిడ తనదే తప్పంటూ, అడగకుండా పెట్టకూడదంటూ, రుచికి పెట్టిన ముక్కల పళ్లేన్ని బల్ల కిందికి తోసేసింది. అది చూశాక జాహ్నవికి అక్కడ నిలబడబుద్ధి కాలేదు, హోటల్‌కి పోబుద్ధీ కాలేదు. స్ట్రోలర్ తిప్పి, జనానికి ఎదురుగా, "సారీ, సారీ" అనుకుంటూ వెళ్లింది. కాపిటల్ ముందు పచ్చికలో ఆ తల్లీకూతుళ్లు కనిపించారు.

ఆమె పేరు రేష్మ. వరంగల్ నుంచి వచ్చి ఇక్కడ ఆసుపత్రిలో ల్యాబ్‌లో పనిచేస్తోంది. కూతురు హంసిక. జాహ్నవి సారీ చెబితే ఆమె వెంటనే కరగలేదు. పచ్చిక పీకుతూ ఒక సంగతి చెప్పింది. నిరుడు ఒక పుట్టినరోజు పార్టీలో, హంసికకి పాలు పడవని ఎంత చెప్పినా ఒక ఆంటీ వినలేదట. ఈ కాలం తల్లులకి అన్నీ చాదస్తాలే అనుకుని, చాటుగా పాయసం పెట్టిందట. పిల్ల ఊపిరి అందక నీలం రంగుకి తిరిగింది. అంబులెన్స్‌లో పిల్ల కాళ్లు పట్టుకుని కూర్చున్న రేష్మకి ఆ సైరన్ ఇప్పటికీ చెవుల్లోనే ఉంది.

వేద మళ్లీ ఏడుపు అందుకుంది, ఈసారి ఆకలికి.

"పొద్దున ఏం తిన్నది?" అని రేష్మ అడిగింది.

"నథింగ్. నిన్నటి నుంచీ సరిగ్గా తినట్లేదు."

రేష్మ లేచి బట్టలు దులుపుకుంది. "నా కోపం పోలేదు. కానీ పిల్లేం చేసింది? రండి. మా ఇంట్ల పాల చుక్క ఉండదు. ఏది తిన్నా అడగక్కర్లేదు."

అలా ఆ మధ్యాహ్నం జాహ్నవి ముక్కూ మొహం తెలియని మనిషి ఇంటికి భోజనానికి వెళ్లింది. టమాట పప్పు, బెండకాయ వేపుడు, కొబ్బరిపాల చారు. హంసిక నేల మీద కూర్చుని తన కంచంలోంచి ఒక ముద్ద తిని, ఒక ముద్ద వేదకి పెట్టింది. వేద నోరు తెరిచింది. మళ్లీ తెరిచింది. జాహ్నవి తన కంచం ముందు కూర్చోలేక, లేచి నీళ్లు తెచ్చి, గిన్నెలు సర్ది, మళ్లీ వచ్చి పిల్లని చూసింది. కూర్చోమని రేష్మ కసిరింది. కళ్లు మండుతుంటే, కారం వల్లే అని జాహ్నవి తనకు తను చెప్పుకుంది.

సాయంత్రం ఫణి వచ్చి ఇద్దరినీ కార్‌లో ఎక్కించుకున్నాడు. ఉద్యోగం వచ్చినట్టేనన్నాడు. జాహ్నవి జరిగిందంతా చెప్పింది. పెన్ను దాకా వినేసరికి అతని నవ్వు ఆగిపోయింది. కాసేపు డ్రైవ్ చేసి, దారి పక్కన కారు ఆపాడు.

"జానూ, ఒకటి చెప్పాలి. ఫ్రీమాంట్‌లో నువ్వు ఇంట్లో లేనప్పుడు నేను పాపకి పెరుగన్నం పెట్టాను. చాలాసార్లు."

జాహ్నవి కిటికీ వైపు తిరిగింది. అరుస్తుందని అతను ఎదురుచూశాడు. ఆమె అరవలేదు. పొద్దున్న తను అంత తేలిగ్గా ఆడిన అబద్ధం ఇంకా నాలుక మీదే ఉంది.

"నాకు చెప్పాల్సింది."

"నువ్వు నన్ను అడగాల్సింది. పాప తిండి గురించి ఒక్కసారి కూడా అడగలేదు."

అది నిజం. ఆ రోజు వాళ్లు మామూలు కంటే ఎక్కువసేపు పోట్లాడుకున్నారు, వెనక సీట్లో వేద నిద్రపోతుండగా. చివరికి ఒక మాట మీదికి వచ్చారు. ఇంట్లో పాలు ఉండవు. బయట ఎవరైనా పెడితే, వేద అడిగితే, తినొచ్చు. జాహ్నవి చూడలేకపోతే అటు తిరిగి నిలబడుతుంది. ఉద్యోగం సంగతికి వచ్చేసరికి ఆమె ఇంకొకటి అడిగింది. తనకీ అక్కడ పని దొరికాకే కదలాలి. ఫణి సరేనన్నాడు.

శీతాకాలం మొదలయ్యేలోపు వాళ్లు మాడిసన్ చేరారు. అప్పటికే జాహ్నవి కొత్త లైసెన్సు తెచ్చుకుని, ఒక క్లినిక్‌లో పని కుదుర్చుకుంది. రేష్మతో స్నేహం తొందరగా కుదరలేదు. హంసిక కోసం వేద మారాం చేసేది కాబట్టి తల్లులు కలవక తప్పలేదు. ఊరు బాగుందా అని ఉష ఫోన్‌లో అడిగితే, చెవికి ఫోన్ ఆనించుకుని వంటింట్లోంచి హాల్లోకీ, హాల్లోంచి వంటింట్లోకీ నడుస్తూ, ఇంకా చూస్తున్నానమ్మా అని జాహ్నవి చెప్పేది.