ఇంకా మంచి చోటు

మీ తాతల గొడవలన్నీ వందసార్లు అడిగి చెప్పించుకున్నారు. నా తోటికోడలి సంగతి ఒక్కరోజైనా అడిగారా? అడగరు. నోట్లో నాలుక లేని మనిషి ఎవరికి గుర్తుంటుంది! ఆ ఫోన్లు పక్కన పడేసి వినండి.

దాన్ని అందరూ జిప్పులమ్మ అనేవాళ్లు. గుడారాలు కుట్టే ఫ్యాక్టరీలో పని. అక్కడ ఒక్కొక్కరిది ఒక్కో ముక్క. ఒకరు పైకప్పు కుడితే ఒకరు గోడలు. ఇది తలుపుకి జిప్పు కుట్టేది. పెళ్లయిన ఏడు చేరింది, జుట్టు నెరిసేదాకా అదే జిప్పు. ముక్కలన్నీ వేరే షెడ్డులో కలిపి, మడిచి సంచుల్లో పంపేసేవాళ్లు. నిలబెట్టిన గుడారాన్ని ఇది కళ్లతో చూసిందే లేదు.

"వెళ్లి చూసి రావచ్చుగా?" అంటే, "నా మిషను నువ్వొచ్చి తొక్కుతావా అక్కా?" అనేది.

ఆ బట్టకి పూసే మందో, దుమ్మో, ఊపిరితిత్తులు పాడయ్యాయి. ఇక ఎన్నాళ్లో ఉండదని డాక్టరు నా మరిదిని బయటికి పిలిచి చెప్పాడు. కొడుకొచ్చి, "అమ్మా, నీకేం కావాలో అడుగు" అన్నాడు. బుద్ధెరిగాక దాన్ని ఎవరూ అడగని ప్రశ్న.

"గుడారంలో కూర్చుని తలుపు తీస్తే నీళ్లు కనబడాలిరా. ఒక్కసారి చూస్తా" అంది.

అలా ఒక గుడారం కొని కారులో వేసుకుని బయల్దేరాం కొండమీద రిజర్వాయరుకి. కొడుకు, కూతురు, మరిది, నేను, అది. గేటు దాటగానే రెండు చెట్ల మధ్య చదునైన నేల. ఎదురుగా నీళ్లు, ఆ నీళ్లలో తలకిందులుగా కొండ.

"ఇక్కడ చాలురా."

"చాలేంటమ్మా? ముందుకెళ్తే ఇంకా బాగుంటుంది. అన్నిటికంటే మంచిది చూద్దాం నీకు" అన్నాడు కొడుకు.

ఆ మాటలో తప్పేముంది చెప్పండి? నాకూ ముచ్చటేసింది.

ఆపైన మెట్ట మీద చూశాం. "ఇక్కడ గాలి. అమ్మకి పడదు" అంది కూతురు. ఒడ్డున చూశాం. "కింద తేమ" అన్నాడు మరిది. ఇంకోచోట రాళ్లు, ఇంకోచోట బాత్రూము దూరం. అన్నీ దాని కోసమే. అది కారులో ఆయాసపడుతూ, "మొదటిదే బాగుందర్రా" అంది.

"నువ్వూరుకోమ్మా, నీకన్నీ మొహమాటాలే" అంది కూతురు.

నేను నోరు చేసుకున్నాను. "కోడలికి వంకలు పెట్టే అత్తల్లా తయారయ్యారేంట్రా! అది చూడాల్సింది నీళ్లు, మీ తెలివితేటలు కాదు. పొద్దుపోతోంది!"

"ఒక్క మలుపు పెద్దమ్మా. అదొక్కటీ చూసేద్దాం."

ఆ ఒక్కటి చూసి వెనక్కొచ్చేసరికి మబ్బులు కొండ దిగాయి. మొదటి చోట ఎవరో గుడారం వేసేసుకున్నారు. లోపల పసిపిల్లలు నిద్రపోతున్నారట. లేపి పొమ్మంటామా? అంతటా నిండిపోయింది. గేటువాడు కార్లు ఆపే చోటుకి వెనకాల, గోడ పక్కన జాగా చూపించాడు.

మా గుడారం అక్కడే నిలబెట్టారు. జిప్పులమ్మ దాని చుట్టూ తడుముకుంటూ తిరిగింది. "ఇంత ఇల్లా అక్కా ఇది! నేనేదో చేతిసంచీకి కుట్టినట్టు కుట్టేదాన్ని!" అని నవ్వింది. లోపల కూర్చుని జిప్పు తీసింది. ఎదురుగా కార్ల వెనక భాగాలు, గోడ. కాసేపు చూసి మళ్లీ లాగేసింది. "గాలొస్తోంది" అంది. గాలే లేదక్కడ.

పొద్దున లేచేసరికి ఎదుటి మనిషి కనబడనంత మంచు. దానికి ఊపిరి అందట్లేదు, పెదాలు నల్లబడ్డాయి. కొడుకు చేతుల మీద ఎత్తుకుని కారు దగ్గరికి పరిగెత్తాడు. "అదిగో అమ్మా, నీళ్లు అటే, అటే" అంటున్నాడు పరిగెడుతూనే. అది అటు తల తిప్పింది. అంతా తెల్లగా ఉంది.

ఎవర్ని తిట్టను? గుడారం అక్కడే వదిలేసి వాడి వెనకే పరిగెత్తాను.

కొండ దిగుతుంటే కొడుకు ఒక చేత్తో కళ్లు తుడుచుకుంటూ అన్నాడు: "అవతలి ఒడ్డున ఇంకా మంచి చోటుందటమ్మా. గేటతను చెప్పాడు. మబ్బులు తగ్గగానే వెళ్దాం."

"సరేరా" అంది.

మబ్బులు తగ్గకముందే పోయింది. యాభై ఎనిమిదేళ్లు.